సుగంధ ద్రవ్య పంటల్లో వేరుకుళ్లు: పరిశోధన కోసం మొక్కలకు తెగులు ఎక్కించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

మిరియాలు, అల్లం, పసుపు, ఏలకులు, జీలకర్ర, మెంతులు, వెనీలా లాంటి పంటల మీద వేరుకుళ్లు పరిశోధన మొదలుపెట్టేవాళ్లకు ఎదురయ్యే సందేహాలు ఇవి. జవాబులన్నీ ల్యాబ్, గ్రీన్‌హౌస్ పనికి సంబంధించినవి. పొలంలో తెగులు నివారణ గురించి కాదు.

ఆరోగ్యంగా ఉన్న మొక్కకు పనిగట్టుకుని తెగులు ఎందుకు ఎక్కించాలి?

కుళ్లిన వేరులో ఒక శిలీంధ్రం కనిపించినంత మాత్రాన కుళ్లుకు అదే కారణమని చెప్పలేం. చనిపోతున్న వేరు మీద పదిరకాల జీవులు చేరతాయి. అసలు దోషి ఎవరో తేల్చడానికి జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోహ్ 19వ శతాబ్దం చివర్లో పెట్టిన నియమాలనే ఇప్పటికీ పాటిస్తున్నాం. జబ్బు మొక్కలో ఆ జీవి ఉండాలి, దాన్ని విడిగా శుద్ధంగా పెంచగలగాలి, ఆరోగ్యమైన మొక్కకు ఎక్కిస్తే అదే జబ్బు రావాలి, ఆ మొక్క నుంచి మళ్లీ అదే జీవి బయటపడాలి. ఇలా తెగులు ఎక్కించడాన్నే ఇనాక్యులేషన్ అంటారు, ఇందులో అది మూడో మెట్టు.

కారణాన్ని నిరూపించడం ఒక్కటే దీని ఉపయోగం కాదు. తట్టుకునే రకాలను ఏరడానికి, మందులనూ మేలు చేసే సూక్ష్మజీవులనూ పరీక్షించడానికి, తెగులు ఎలా ముదురుతుందో గమనించడానికి కూడా ఇదే పద్ధతి. చాలామంది పొరపడేది ఇక్కడే. ఈ నాలుగు పనులకూ ఒకే మోతాదు, ఒకే పద్ధతి సరిపోవు. కారణాన్ని నిరూపించేటప్పుడు తెగులు గట్టిగా రావాలి. రకాలను పోల్చేటప్పుడు మాత్రం బలహీనమైన రకం పడిపోయి, బలమైనది నిలబడేంత తెగులు చాలు. మొక్కలన్నీ చచ్చిపోతే ఆ ప్రయోగం ఏమీ చెప్పదు.

ఏ పంటకు ఏ తెగులు కారకాన్ని వాడాలి?

మిరియాల తీగలో మొదలుకుళ్లుకు ప్రధాన కారణం ఫైటోఫ్తొరా క్యాప్సిసి. పాత పుస్తకాల్లో దీన్ని ఫైటోఫ్తొరా పామివోరా అని రాశారు. 2001లో ఫైటోఫ్తొరా ట్రాపికాలిస్ అనే దగ్గరి జాతిని విడదీశారు కాబట్టి పాత ఐసోలేట్ల (జబ్బు మొక్క నుంచో మట్టి నుంచో వేరుచేసి పెంచినవాటి) మీద పేరు చూసి నమ్మేయకుండా డీఎన్‌ఏతో సరిచూసుకోవడం మంచిది. అల్లం, పసుపు దుంపకుళ్లులో పిథియం జాతులది పెద్ద పాత్ర. వాటిలో పిథియం అఫానిడెర్మేటమ్, పిథియం మిరియోటైలం ముఖ్యమైనవి. ఏలకుల దుంపకుళ్లులో పిథియం వెక్సాన్స్, రైజోక్టోనియా సొలాని కనిపిస్తాయి. మెంతి వేరుకుళ్లుకు ఎక్కువగా రైజోక్టోనియా, వెనీలా వేరు, కాండం కుళ్లుకు ఫ్యుజేరియం ఆక్సిస్పోరం కారణం.

జీలకర్ర సంగతి కాస్త వేరు. దాన్ని వేధించే ఫ్యుజేరియం ఆక్సిస్పోరం కుమినై తెచ్చేది ప్రధానంగా ఎండు తెగులు. వేరును కోసి చూస్తే లోపల నాళాలు గోధుమ రంగులో ఉంటాయి. ఫ్యుజేరియం ఆక్సిస్పోరంలో ఒక్కో పంటకు ఒక్కో ప్రత్యేక రూపం ఉంటుంది. జీలకర్ర మీద పడే రూపం వెనీలాను ఏమీ చేయదు. అందుకే వేరే పంట నుంచి తీసిన ఫ్యుజేరియం ఐసోలేట్‌ను "అదీ ఫ్యుజేరియమే కదా" అని వాడితే తెగులు రాదు.

అల్లంలో ఇంకో చిక్కుంది. రాల్స్టోనియా సొలనేసియారం అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే వాడు తెగులు పైకి దుంపకుళ్లులాగే కనిపిస్తుంది. కాండం మొదలును కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని నీళ్లలో వేలాడదీయండి. పాలలాంటి తీగ కిందికి జారితే అది బ్యాక్టీరియా. ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా ఐసోలేషన్‌కు దిగొద్దు.

ఫైటోఫ్తొరా, పిథియం శిలీంధ్రాలు కావంటారు. ఇనాక్యులేషన్‌కు వచ్చేసరికి ఆ తేడా ఏం పట్టింపు?

చాలా పట్టింపే. అవి ఊమైసీట్లు. చూడ్డానికి బూజులాగే ఉన్నా, వంశం ప్రకారం గోధుమ రంగు సముద్రపు నాచులకు దగ్గర. వాటి కణకవచంలో ముఖ్యంగా ఉండేది సెల్యులోజ్, బీటా గ్లూకాన్లు. నీళ్లలో ఈదే సిద్ధబీజాలను, అంటే జూస్పోర్లను వదులుతాయి. అందుకే నీళ్లు నిలిచిన చోట విజృంభిస్తాయి, అందుకే వీటి ఇనాక్యులంను (మొక్కకు ఎక్కించే సరుకును) నీళ్లలో తయారుచేస్తాం. నిజమైన శిలీంధ్రాల మీద పనిచేసే చాలా మందులు వీటిని ఏమీ చేయవు కూడా. సెలెక్టివ్ మీడియం (కావలసిన జీవిని మాత్రమే పెరగనిచ్చే పోషక పదార్థం) తయారీలో మనకు పనికొచ్చేది ఈ గుణమే.

కుళ్లిన వేరు నుంచి తెగులు కారకాన్ని తీయబోతే ప్రతిసారీ ఫ్యుజేరియమే వస్తోంది. ఎందుకు?

బాగా కుళ్లిన భాగాన్ని తీసుకుంటున్నారేమో చూడండి. అక్కడ అసలు దోషి తన పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది. మిగిలేది వెనక చేరిన ఫ్యుజేరియం, బ్యాక్టీరియా మాత్రమే. ఆరోగ్యమైన తెల్ల భాగం, గోధుమ రంగు భాగం కలిసే అంచు నుంచి 3–5 మిల్లీమీటర్ల ముక్కలు తీయాలి.

రెండో కారణం, ముక్క పైభాగాన్ని శుభ్రం చేయడానికి వాడే బ్లీచ్. ఫ్యుజేరియం, రైజోక్టోనియాలకు 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం ముంచి, స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) నీళ్లతో మూడుసార్లు కడిగితే సరిపోతుంది. సన్నని పిల్లవేరులో ఉన్న పిథియం ఆ దెబ్బకే చస్తుంది. దానికి పారే నీళ్ల కింద బాగా కడిగి, ఫిల్టర్ పేపర్ మీద తడి అద్దేసి, నేరుగా మీడియం మీద పెట్టడమే మేలు.

మూడోది మీడియం. మామూలు పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ (జెల్లీలా గడ్డకట్టించిన మీడియం) మీద త్వరగా పెరిగేదే గెలుస్తుంది. ఊమైసీట్ల కోసం పిమారిసిన్, యాంపిసిలిన్, రిఫాంపిసిన్, పీసీఎన్‌బీ అనే, శిలీంధ్రాలనూ బ్యాక్టీరియానూ ఆపే మందులు కలిపిన మీడియం వాడతారు. పిథియంను కూడా ఆపి ఫైటోఫ్తొరాను మాత్రమే తీయాలంటే దానికి హైమెక్సజోల్ చేర్చాలి.

ఇవేవీ కుదరకపోతే ఎర వేయండి. మట్టినీ వేర్లనూ నీళ్లలో వేసి, పైన లేత ఆకు ముక్కలో, దోసకాయ ముక్కలో తేలనిస్తే జూస్పోర్లు ఈదుకుంటూ వచ్చి వాటిని పట్టుకుంటాయి. మిరియాల తోటల మట్టి నుంచి ఫైటోఫ్తొరాను తీయడానికి అల్బీజియా చెట్టు చిట్టి ఆకులను ఎరగా వాడటం బాగా స్థిరపడిన పద్ధతి.

ఏ దారిలో వచ్చినా, ఒకే సిద్ధబీజం నుంచో ఒకే తంతువు కొన నుంచో మళ్లీ పెంచి శుద్ధి చేసుకున్నాకే ఇనాక్యులేషన్‌కు వెళ్లాలి.

కల్చర్ (ల్యాబ్‌లో పెంచుతున్న తెగులు కారకం) నిరుడు బాగా పనిచేసింది, ఇప్పుడు తెగులు తేవడం లేదు. చెడిపోయిందా?

బతికే ఉంటుంది, తెగులు తెచ్చే పదును తగ్గి ఉంటుంది. అగార్ మీద మళ్లీ మళ్లీ మార్చుకుంటూ పోతే ఇలా జరగడం మామూలే. దాన్ని ఓసారి ఆతిథేయి మొక్కకు (అది సహజంగా సోకే మొక్కకు) ఎక్కించి, కుళ్లిన భాగం నుంచి తిరిగి తీసుకోండి. ప్రతి పెద్ద ప్రయోగానికి ముందూ ఇలా చేసే అలవాటు ఉంటే టెన్షన్ తగ్గుతుంది. దాచుకోవడానికి, కల్చర్ పెరిగిన అగార్ ముక్కలను స్టెరైల్ నీళ్లలో వేసి మూత బిగించడం చాలా తేలిక పద్ధతి. ఫైటోఫ్తొరాను అలా దాచితే ఫ్రిజ్‌లో కాకుండా గది ఉష్ణోగ్రత దగ్గరే ఉంచాలి, దానికి చలి పడదు.

జూస్పోర్ల ద్రవం, ధాన్యం మీద పెంచిన ఇనాక్యులం, వేళ్లను ముంచడం: ఏది ఎంచుకోవాలి?

తెగులు కారకం సహజంగా మొక్కను ఎలా చేరుకుంటుందో దానికి దగ్గరగా ఉన్న పద్ధతిని ఎంచుకోండి. ఫైటోఫ్తొరా, పిథియంలకు జూస్పోర్ల ద్రవాన్ని మొక్క మొదలు దగ్గర పోయడం సహజమైన దారి. ఎన్ని వేశామో లెక్క ఉంటుంది, ఏ గంటలో వేశామో తెలుస్తుంది. చిక్కల్లా, తాజాగా తయారుచేసి వెంటనే వాడాలి. వందల కుండీలకు ఒకేసారి సరిపోయేంత తీయడం కష్టం.

రైజోక్టోనియాకు ఈ ప్రశ్నే లేదు. అది కొనిడియాలు అనే సిద్ధబీజాలను ఇవ్వదు కాబట్టి ధాన్యం మీద పెంచి మట్టిలో కలపడమే దారి. పిథియంకు కూడా ఎక్కువ కుండీలు ఉన్నప్పుడు ధాన్యమే వాడతారు. దీని లోపం ఏమిటంటే, శిలీంధ్రంతో పాటు దానికి తిండి కూడా మట్టిలోకి వెళ్తుంది. పక్కనే భోజనం పెట్టుకుని దాడి చేసే శిలీంధ్రం పొలంలో ఉన్నదానికంటే దూకుడుగా ఉంటుంది.

ఫ్యుజేరియం ఎండు తెగులుకు వేళ్లను కొనిడియాల ద్రవంలో ముంచి నాటడం వాడుకలో ఉంది. మిల్లీలీటరుకు 10 లక్షల కొనిడియాలు అన్నది ఎక్కువమంది వాడే సంఖ్య. ఇది వేగంగా, సమానంగా తెగులు తెస్తుంది. మొక్కను పీకి, వేళ్లు కడిగి, ముంచి, తిరిగి నాటడంలో వేళ్లకు గాయాలు తప్పవు కాబట్టి వేరు పైపొర ఇచ్చే రక్షణను ఈ పరీక్ష కొలవలేదు. ఒక రకానికి బలం వేరు పైపొరలోనే ఉంటే, ఆ రకం ఇందులో అన్యాయంగా ఓడిపోతుంది.

ఎంత ప్రయత్నించినా జూస్పోర్లు రావడం లేదు. ఏం చేయాలి?

అందరికీ విసుగు తెప్పించే దశ ఇది. ముందు మామూలు విధానం చెప్తాను. ఫైటోఫ్తొరాను క్యారట్ అగార్ మీదో, వీ8 కూరగాయల రసం అగార్ మీదో పెంచండి. అంచు నుంచి ముక్కలు కోసి, స్టెరైల్ నీళ్లలో సగం మునిగేలా పెట్రీ డిష్‌లో పరిచి, వెలుతురులో 24–48 గంటలు ఉంచండి. మైక్రోస్కోప్ కింద నిమ్మపండు ఆకారంలో సిద్ధబీజాశయాలు కనిపించాలి. అప్పుడు డిష్‌ను 4 డిగ్రీల దగ్గర 20–30 నిమిషాలు పెట్టి, తిరిగి గది ఉష్ణోగ్రతకు తెస్తే అరగంట నుంచి గంటలో జూస్పోర్లు బయటికి వస్తాయి.

సిద్ధబీజాశయాలే ఏర్పడకపోతే తప్పు వెలుతురుదో, కల్చర్ వయసుదో. చీకట్లో పెడితే ఫైటోఫ్తొరా క్యాప్సిసి ఆశయాలు సరిగా ఇవ్వదు. కల్చర్ వారం లోపుదైతే మంచిది. కొన్ని ఐసోలేట్లకు స్టెరైల్ నీళ్లకంటే వడగట్టిన మట్టి కషాయం బాగా పనిచేస్తుంది.

ఆశయాలు నిండుగా ఉండి కూడా జూస్పోర్లు రాకపోతే, వచ్చినవి వెంటనే ఆగిపోతే, నీళ్లను అనుమానించండి. రాగి అయాన్లు కొద్దిపాటిగా ఉన్నా జూస్పోర్లకు విషం. రాగి గొట్టాలున్న పరికరం నుంచి వచ్చిన డిస్టిల్డ్ వాటర్ ఎందరి ప్రయోగాలనో ఇలా పాడుచేసింది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ కూడా అంతే.

వచ్చాక ఆలస్యం చేయొద్దు. జూస్పోర్లు కొన్ని గంటలే ఈదుతాయి. గట్టిగా కుదిపితే తోకలు వదిలేసి గుండ్రటి సిస్టులుగా మారతాయి. లెక్కించడానికి మాత్రం అదే మనకు కావాలి. కొద్దిగా ద్రవం వేరే ట్యూబులోకి తీసి, ఒక నిమిషం వోర్టెక్స్ యంత్రంతో కుదిపి, ఆగిపోయినవాటిని హీమోసైటోమీటర్‌లో (గడులు గీసిన లెక్కింపు గాజు పలకలో) లెక్కపెట్టండి. మొక్కలకు పోసేది మాత్రం కదపని ద్రవం. పిపెట్‌తో బలంగా పీల్చి వదిలితే అవీ సిస్టులవుతాయి.

లెక్క ఇలా ఉంటుంది. ఒక చదరపు మిల్లీమీటరు గడిలో సగటున 10 కనిపిస్తే, దాన్ని 10,000తో గుణించాలి. అంటే మిల్లీలీటరుకు 1 లక్ష. అందులో ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే మిల్లీలీటరుకు 10,000. దాన్ని మొక్కకు 10 మిల్లీలీటర్లు పోస్తే మొక్కకు 1 లక్ష జూస్పోర్లు వెళ్లినట్టు. రిపోర్టులో గాఢతతో పాటు మొక్కకు ఎంత పోశారో కూడా రాయాలి. గాఢత ఒక్కటే రాసి వదిలేసిన పనిని ఇంకొకరు తిరిగి చేయలేరు.

ధాన్యం ఇనాక్యులం ఎలా తయారుచేయాలి?

జొన్నలు, సజ్జలు, ఓట్స్, గోధుమలు, ఏవైనా పనికొస్తాయి. రాత్రంతా నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, ఫ్లాస్కులో సగం వరకు నింపండి. వరుసగా రెండు రోజులు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరి పట్టాలి. మొదటి రోజు వేడికి తట్టుకున్న బ్యాక్టీరియా బీజాలు రాత్రికి మొలకెత్తుతాయి, రెండో రోజు చస్తాయి. చల్లారాక కల్చర్ అంచు నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలు నాలుగైదు వేసి, 25–28 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచండి. రెండు మూడు రోజులకోసారి ఫ్లాస్కును కుదపకపోతే గింజలన్నీ గడ్డకడతాయి. పుల్లటి వాసన వచ్చినా, గింజలు జిగురుగా ఉన్నా పారేయండి, అది బ్యాక్టీరియా చేరిన గుర్తు. వాడే ముందు కొన్ని గింజలు అగార్ మీద వేసి, మీరు పెంచినదే వస్తోందో లేదో చూసుకోవాలి.

మోతాదు ఎంత ఉండాలి? ఒక్కో పేపర్లో ఒక్కో సంఖ్య ఉంది.

ఉంటుంది. కుండీ సైజు, మట్టి, మొక్క వయసు, ఐసోలేట్ పదును అన్నీ వేరు కాబట్టి ఒకరి సంఖ్య ఇంకొకరికి కుదరదు. పేపర్లో సంఖ్యను ఎత్తిరాసుకుని నేరుగా పెద్ద ప్రయోగానికి దిగడం కంటే వృథా పని లేదు. రెండు మూడు వారాలు పెట్టి ముందు చిన్న ట్రయల్ వేయండి.

ట్రయల్‌కు రెండు రకాలు కావాలి: తెగులుకు లొంగుతుందని ముందే తెలిసినది ఒకటి, తట్టుకుంటుందని తెలిసినది ఒకటి. మిరియాల విషయంలో దక్షిణ అమెరికా అడవి జాతి పైపర్ కొలుబ్రినం ఫైటోఫ్తొరాను తట్టుకుంటుంది. దాన్ని అంట్లకు వేరు మొక్కగా కూడా వాడారు. అల్లం పనిలో అడవి అల్లం జింజిబర్ జెరుంబెట్‌కు పిథియం విషయంలో అలాంటి పేరే ఉంది. జూస్పోర్లయితే మొక్కకు 1,000, 10,000, 1 లక్ష చొప్పున, ధాన్యమైతే మట్టి బరువులో అర శాతం, 1, 2, 5 శాతం చొప్పున వేసి చూడండి. 1 కిలో మట్టికి 2 శాతం అంటే 20 గ్రాములు.

లొంగే రకం బాగా దెబ్బతిని, తట్టుకునే రకం ఇంకా నిలబడి ఉన్న మోతాదే మీది. రెండూ చచ్చిపోతే తగ్గించండి, రెండూ పచ్చగా ఉంటే పెంచండి. ఏ రకమూ నూటికి నూరుపాళ్లు తట్టుకోని తెగుళ్లివి. 5 శాతం ధాన్యంతో ముంచెత్తి "ఏ రకానికీ నిరోధకత లేదు" అని తేల్చేస్తే, ఓ మోస్తరుగా తట్టుకునే మంచి రకాలు చెత్తబుట్టలోకి పోతాయి. నిజానికి సాగుకు పనికొచ్చేవి ఎక్కువగా అవే.

మట్టిని స్టెరిలైజ్ చేయడం తప్పనిసరా?

కారణాన్ని నిరూపించే ప్రయోగానికి అవును. మట్టిలో ముందే ఉన్న పిథియం కంట్రోల్ మొక్కలను (తెగులు ఎక్కించకుండా పోలిక కోసం ఉంచినవాటిని) కూడా చంపితే పని అంతా పోతుంది. ఆటోక్లేవ్ చేసిన మట్టిలో అందుబాటులోకి వచ్చే మాంగనీసు, అమ్మోనియా పెరిగి లేత వేళ్లను దెబ్బతీయొచ్చు. ఒకటి రెండు వారాలు ఆరనిచ్చాక నాటండి.

ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి మేలు చేసే జీవుల పరీక్షకు వచ్చేసరికి నా అభిప్రాయం వేరు. స్టెరైల్ మట్టిలో పోటీ ఉండదు. ఖాళీ చోట ముందు ఎవరు అడుగుపెడితే వారిదే రాజ్యం. ట్రైకోడెర్మాను ముందు వేసి, తర్వాత తెగులు ఎక్కిస్తే ఫలితం బ్రహ్మాండంగా ఉంటుంది, అదే మామూలు మట్టిలో తేలిపోతుంది. కనీసం ఒక ప్రయోగమైనా స్టెరిలైజ్ చేయని మట్టిలో చేసి చూపించనిదే ఆ ఫలితాలను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

వేళ్లను గాయపరిచి ఎక్కించాలా?

ఫైటోఫ్తొరా, పిథియం గాయం లేకుండానే లేత వేరు కొసల్లోకి చొరబడతాయి. కాబట్టి అవసరం లేదు. గాయం చేస్తేనే కుళ్లు వచ్చిందంటే మీ ఐసోలేట్ బలహీనమైనదో, అసలు దోషి కాదో. గాయపరిచే పద్ధతి వాడితే ఆ మాట రాయండి, కంట్రోల్ మొక్కలకూ అదే గాయం చేయండి.

ఏ వయసు మొక్కలు, ఎలాంటివి వాడాలి?

మిరియాలకు ఒకే తల్లి తీగ నుంచి తీసి వేళ్లు పోయించిన కత్తిరింపులు, మూడు నుంచి ఐదు ఆకులతో ఉన్నవి మంచివి. అన్నీ ఒకే జన్యువులు కావడంతో మొక్కకూ మొక్కకూ తేడా తక్కువ. అల్లం విత్తనం పెట్టదు, దుంపతోనే పెంచాలి. అదే సమస్య: పైకి శుభ్రంగా ఉన్న దుంప లోపలే పిథియమో, రాల్స్టోనియానో దాగి ఉండొచ్చు. టిష్యూ కల్చర్ మొక్కలు దొరికితే వాడండి. దొరక్కపోతే, దుంపలను స్టెరైల్ మట్టిలో మొలిపించి, కొన్ని వారాలు గమనించి, అనుమానం ఉన్నవాటిని తీసేశాకే ప్రయోగం మొదలుపెట్టండి. ఏలకులు, జీలకర్ర, మెంతులకు విత్తన మొలకలు చాలు. లేత మొలకలు దేనికైనా లొంగుతాయి కాబట్టి, మొలక దశలో వచ్చిన ఫలితాన్ని ఎదిగిన మొక్కకు అంటగట్టకూడదు.

నీళ్లు, ఉష్ణోగ్రత ఎలా ఉండాలి?

జూస్పోర్లు వేరును చేరాలంటే మట్టి రంధ్రాల్లో నీళ్లు నిండి ఉండాలి. ఎక్కించే ముందు కుండీని బాగా తడపండి. తర్వాత 24–48 గంటలు కింద ప్లేటులో నీళ్లు నిలవనిచ్చి, అప్పుడు వార్చేయండి. అంతకుమించి ముంపులో ఉంచితే గాలి ఆడక వేళ్లు వాటంతట అవే కుళ్లడం మొదలవుతుంది. కంట్రోల్ మొక్కలకూ అంతే ముంపు ఇవ్వాలన్నది మరిచిపోతుంటారు.

ఫైటోఫ్తొరా క్యాప్సిసికి 25–28 డిగ్రీలు అనువు. పిథియం అఫానిడెర్మేటమ్‌కు వేడి ఇష్టం, 30 డిగ్రీలు దాటాక రెచ్చిపోతుంది. అదే ఐసోలేట్‌తో 22 డిగ్రీల గదిలో పరీక్షించి "తెగులు తేలేదు" అని రాస్తే నమ్మలేం. గాలి ఉష్ణోగ్రతతో సరిపెట్టుకోకుండా మట్టిలో థర్మామీటరు గుచ్చి చూడండి. ఎండ తగిలే నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి, గాలికంటే చాలా వేడిగా ఉంటుంది.

కంట్రోల్ మొక్కలకు ఉత్త నీళ్లు పోస్తే చాలదా?

జూస్పోర్ల పద్ధతిలో, కల్చర్ లేని ఉత్త అగార్ ముక్కలను అదే విధంగా నానబెట్టి తీసిన నీళ్లు పోయాలి. ధాన్యం పద్ధతిలో, అంతే బరువు శిలీంధ్రం లేని స్టెరైల్ ధాన్యం కలపాలి. కుళ్లుతున్న గింజలు నత్రజనిని పీల్చేసుకుంటాయి, మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. ధాన్యం లేని కంట్రోల్ పెడితే ఆ పసుపును తెగులు ఖాతాలో రాసేస్తాం.

కంట్రోల్ మొక్కలకే తెగులు వస్తే ఆ ప్రయోగాన్ని వదిలేసి, నీళ్లు చిమ్మి పక్క కుండీల్లో పడుతున్నాయా, కింద నీళ్లు ఒకదాన్నుంచి ఒకదానికి పారుతున్నాయా వెతకండి. కంట్రోల్‌ను ముందు తడిపి, ఎక్కించినవాటిని చివర్లో తడపడం తేలికైన జాగ్రత్త.

తెగులు తీవ్రతను ఎలా కొలవాలి?

వేరుకుళ్లును ఆకు చూసి కొలవడం సగం కొలతే. ఆకు వాడేసరికి వేళ్లు చాలావరకు పోయి ఉంటాయి. మధ్యలో పైనుంచి గమనిస్తూనే, చివర్లో మొక్కను తీసి, వేళ్లు కడిగి, స్కోరు వేయాలి. అందరికీ తేలికగా ఉండేది 0–4 స్కేలు. శుభ్రమైన వేళ్లు 0, పావు వంతు వరకు కుళ్లితే 1, సగం వరకు 2, ముప్పావు వరకు 3, అంతకుమించినా చనిపోయినా 4.

వీటిని సూచికగా మార్చాలంటే, స్కోర్లన్నీ కూడి, మొక్కల సంఖ్యను గరిష్ఠ స్కోరుతో గుణించగా వచ్చినదానితో భాగించి, 100తో గుణించాలి. ఉదాహరణకు 10 మొక్కల్లో రెండింటికి 0, మూడింటికి 1, రెండింటికి 2, ఒకదానికి 3, రెండింటికి 4 వస్తే మొత్తం 18. గరిష్ఠం 40. సూచిక 45 శాతం.

స్కోరు వేసేవారికి ఏ కుండీ ఏ రకమో తెలియకపోతే మంచిది. లేబుళ్లు కప్పేసి నంబర్లు మాత్రం కనిపించేలా పెట్టండి. మనకు నచ్చిన రకానికి తెలియకుండానే ఒక మార్కు తక్కువ వేస్తాం. స్కోరుతో పాటు వేళ్ల తాజా బరువు, పొడి బరువు కూడా తీసుకుంటే చూపు మీద ఆధారపడని సాక్ష్యం ఒకటి ఉంటుంది.

ఒక కుండీలో ఐదు మొక్కలుంటే ఐదు రెప్లికేషన్లు (విడివిడి పునరావృతాలు) అనుకోవచ్చా?

కుదరదు. ఇనాక్యులం వేసింది కుండీకి కాబట్టి కుండీయే ఒక యూనిట్. ఒకే మట్టి, ఒకే తడి పంచుకున్న ఐదు మొక్కలు కలిసి ఒక రెప్లికేషనే. కుండీలను బల్ల మీద వరుసగా రకాల వారీగా పేర్చకుండా రాండమ్‌గా పెట్టండి. మొత్తం ప్రయోగాన్ని ఇంకోసారి వేరే సమయంలో చేయండి.

ఆకు మీదో కాండం మీదో పరీక్షించి త్వరగా తేల్చేయకూడదా?

వందల మొక్కల్లోంచి మొదటి జల్లెడకు పనికొస్తుంది. కోసిన ఆకు మీద కల్చర్ ముక్క పెడితే మూడు నాలుగు రోజుల్లోనే మచ్చ సైజు కొలవచ్చు. ఆకు తట్టుకున్నంత మాత్రాన వేరు తట్టుకోవాలని లేదు, వేరు బలంగా ఉన్న మొక్కకు ఆకు బలహీనంగా ఉండటమూ ఉంది. చివరి మాట వేరు పరీక్షదే.

నులిపురుగులను కూడా కలిపి పరీక్షించాలా?

మిరియాల్లో అయితే ఆలోచించాల్సిన విషయమే. అక్కడ రాడోఫోలస్ సిమిలిస్, మెలాయిడోగైనే ఇన్‌కాగ్నిటా అనే నులిపురుగులు వేళ్లను దెబ్బతీసి తీగను నెమ్మదిగా క్షీణింపజేస్తాయి, ఫైటోఫ్తొరాతో కలిస్తే నష్టం ఎక్కువ. కాకపోతే నులిపురుగు మాత్రమే వేసినది ఒకటి, ఫైటోఫ్తొరా మాత్రమే వేసినది ఒకటి, రెండూ కలిపి ఒకటి, ఏదీ లేనిది ఒకటి, ఇలా నాలుగు గుంపులైనా పెట్టాలి. ఏది ముందు వేశారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది.

చివర్లో మళ్లీ ఐసోలేట్ చేయాలా? లక్షణాలు స్పష్టంగానే ఉన్నాయి కదా?

చేయాలి. కంట్రోల్ మొక్కల నుంచి కూడా. వచ్చినది మీరు వేసినదేనని చూపడానికి ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగం సీక్వెన్స్ చేయడం మామూలు. ఫ్యుజేరియంకు ఐటీఎస్ సరిపోదు, ట్రాన్స్‌లేషన్ ఎలాంగేషన్ ఫ్యాక్టర్ జన్యువు కూడా చూడాలి.

ఇదే పరీక్షను తోటలో ఒక మూల చేసి చూడొచ్చా?

వద్దు. ఫ్యుజేరియం క్లమిడోస్పోర్లు (మందమైన గోడ ఉన్న సిద్ధబీజాలు) మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఫైటోఫ్తొరా క్యాప్సిసికి ఏ1, ఏ2 అని, ఒకదానితో ఒకటి జతకట్టే రెండు రకాలున్నాయి. మీరు తెచ్చినది ఒకటి, తోటలో ఉన్నది ఇంకొకటి అయితే అవి కలిసి ఊస్పోర్లు అనే లైంగిక బీజాలను ఏర్పరుస్తాయి, ఆ బీజాలు దీర్ఘకాలం బతకడమే కాక కొత్త రూపాలకు కూడా దారితీస్తాయి. వేరే ప్రాంతం నుంచి ఐసోలేట్ తెప్పించుకునే ముందు క్వారంటైన్ అనుమతి అవసరమేమో కనుక్కోండి.

ప్రయోగం ముగిశాక కుండీలు, మట్టి ఏం చేయాలి?

మొక్కలు, మట్టి, మిగిలిన ధాన్యం అన్నీ ఆటోక్లేవ్ సంచుల్లో కట్టి 121 డిగ్రీల దగ్గర స్టెరిలైజ్ చేశాకే బయటపడేయాలి. మట్టి నిండా ఉన్న సంచి మధ్యకు వేడి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి చిన్న సంచులు కట్టి, కనీసం గంట ఉంచండి. కుండీలను ముందు మట్టి పోయేలా కడిగి, తర్వాత బ్లీచ్ ద్రావణంలో నానబెట్టాలి, మట్టి అంటుకుని ఉంటే బ్లీచ్ పనిచేయదు. కుండీల కింద నిలిచిన నీళ్లను సింకులో పోయొద్దు, వాటిలోనూ జూస్పోర్లుంటాయి. బకెట్‌లోకి పట్టి, మరిగించో బ్లీచ్ కలిపో పారబోయండి. బల్లలు, కత్తెరలు, చెప్పుల అడుగులు కూడా తుడిచాకే పక్క గదిలోకి వెళ్లండి.